బంతిపూలు పెట్టొద్దు

నువ్వు దొంగవి.

అడక్కుండా ఇంకొకరి నోటుబుక్కు తెరిచినవాళ్ళని పిలవడానికి ఇంతకన్నా మర్యాదైన మాట నాకు దొరకలేదు. మంచం కింద కనపడిందంటావు. పాత కాగితాల దుకాణంలో కొన్నానంటావు. తాళం లేదు కాబట్టి చదివానంటావు. దొంగలంతా ఇలాగే మాట్లాడతారు, నిన్న ఒకడు నాతో అచ్చం ఇలాగే మాట్లాడాడు. చదువుకో. హక్కుందని మాత్రం అనుకోకు. పత్రికలో రాసేది జనం కోసం. ఇది నా కోసం.

అక్టోబరు 14

నిన్న లియాండ్రో ప్రదర్శన మొదలైంది. పిలిచాడు, వెళ్ళాను. ఈ వహాకా ఊళ్ళో అచ్చుబొమ్మల ప్రదర్శన పెట్టి నన్ను పిలవకుండా ఉండే ధైర్యం ఎవరికీ లేదు. పిలిస్తే పొగుడుతుందన్న భ్రమా ఎవరికీ లేదు. వీడికి ఒకప్పుడు అచ్చుబొమ్మల చరిత్ర పాఠం చెప్పాను. తెలివైనవాడు. తెలివైనవాళ్ళతోనే తంటా.

ప్రదర్శన పేరు 'తోలు'. పోస్టర్ల మీద పోస్టర్లు పేరుకుపోయిన గోడ చూసుకుని, అంచున కత్తి దూర్చి, పొరలన్నీ కలిపి మేకతోలు ఒలిచినట్టు ఒలుచుకొస్తాడు. దాన్ని చెక్కకి అతికిస్తాడు. అక్కడక్కడ గీకి అడుగుపొరలు బయటపెడతాడు. దాని మీద చెక్క అచ్చుతో బొమ్మ, ఆపైన బంగారు రేకు. మళ్ళీ దాన్నుంచి ప్రింట్లు తీస్తాడు. వైన్ గ్లాసులు పట్టుకున్నవాళ్ళు వాటి ముందు తల పక్కకి వంచి నిలబడ్డారు. తల నిటారుగా ఉంటే కళ కనపడదు కాబోలు.

చివరి గదిలో అన్నిటికన్నా పెద్దది. అంతా బంతిపూలే, నారింజ మీద నారింజ. వాటి సందుల్లో సర్కసు ఏనుగు కాలు, ఎవరో కౌన్సిలరు సగం మీసం, మధ్యలో ఒక కుర్రాడి ముఖం. నీలం చొక్కా. గడ్డం కింద మచ్చ. భుజం మీద ఎవరివో నాలుగు వేళ్ళు, ఒక వేలికి పచ్చరాయి ఉంగరం.

ఆ ఉంగరం ఇప్పుడు ఈ పెన్ను పట్టుకున్న చేతికే ఉంది.

ఊరియెల్. వాళ్ళ మావయ్య పెళ్ళిలో తీసిన ఫొటో, పక్కన నేను నిలబడ్డాను. వాడికి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్నది నేను, వాడి జ్ఞానతల్లిని. సముద్రం వైపు కేబుళ్ళు వేసే పని దొరికిందని బస్సెక్కాడు. బస్సు చేరింది, వాడు చేరలేదు. 'వెతుకుతున్నాం' కాగితానికి మంచి ఫొటో ఏదైనా ఇమ్మంటే వాళ్ళమ్మ ఒదిలియా ఇదే ఇచ్చింది. నన్ను కత్తిరించారు, వేళ్ళు మిగిలాయి. రెండు వర్షాకాలాల నుంచి ఈ ఊరి గోడలన్నిటి మీదా నా వేళ్ళు వాడి భుజం పట్టుకునే ఉన్నాయి. పట్టుకుని ఏం లాభం.

లియాండ్రోని చెయ్యి పట్టుకుని ఆ బొమ్మ ముందుకి లాక్కొచ్చాను.

"ఇదెవరో తెలుసా నీకు?"

"తెలీదు టీచర్. గోడ మీదున్నాడు."

"గోడ మీదుంటే నీవాడైపోతాడా?"

"గోడకి యజమాని లేడని మాకు నేర్పింది మీరేగా. బొమ్మ ఎవడబ్బ సొత్తూ కాదు, లాక్కోండి, కోసుకోండి, మళ్ళీ అచ్చెయ్యండి అని బల్ల గుద్ది మరీ చెప్పారు. ఆ దెబ్బకి నా సిరాబుడ్డి ఒలికింది, గుర్తుందా?"

"కూల్‌డ్రింకు కంపెనీ బొమ్మ లాక్కోమన్నాను. పార్టీ నాయకుడి బొమ్మ కొయ్యమన్నాను. పైనున్నవాడి నుంచి లాక్కోవడం వేరు, కిందున్నవాడి జేబు కొట్టడం వేరు."

"పైనెవరో కిందెవరో గోడ మీద రాసుంటుందా? ఈ అబ్బాయి మీద సర్కసు పోస్టరుంది. దాని మీద కౌన్సిలరు. దాని మీద వానకి కుళ్ళిన ఇంకేదో. ఎవరికీ కనపడకుండా పడున్నాడు. నేను తవ్వి బయటికి తీశాను టీచర్. మీరేమో నేనే పాతిపెట్టినట్టు మాట్లాడుతున్నారు."

దీనికి సమాధానం ఉంది. రేపు రాస్తాను.

అక్టోబరు 15

సమాధానం ఉంది. సరైన వాక్యం కుదరడం లేదు, అంతే.

అక్టోబరు 17

ఒదిలియాకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది అని నిన్నంతా అనుకుని, ఇవాళ పొద్దున్నే వెళ్ళి చెప్పాను. బస్టాండు దగ్గర తమాలెలు అమ్ముతోంది, ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి. అరిటాకు పొట్లం ఒకటి నా చేతిలో పెట్టి, తినేవరకు ఏమీ విననంది. తిన్నాక విన్నది. గంప పక్కావిడకి అప్పగించి, ఏప్రన్ కూడా విప్పకుండా, "పదండి కొమాద్రె" అంది.

చిన్నప్పుడు ఒకే వీధిలో జుట్లు పట్టుకుని కొట్టుకున్నవాళ్ళం. వాడి జ్ఞానస్నానంతో, కన్నతల్లీ జ్ఞానతల్లీ వరసన, కొమాద్రెలమయ్యాం. ఆ రోజునుంచి ఇద్దరం ఒకరికొకరం 'మీరు'.

గ్యాలరీ చివరి గదిలో ఆమె చాలాసేపు నిలబడింది. పడిపోతుందేమో, పట్టుకోవాలి అని నేను పక్కనే సిద్ధంగా ఉన్నాను. పడిపోలేదు. వంగి బొమ్మ కింది అంచు వెతికింది.

"నంబరేదీ?"

"ఏ నంబరు?"

"నా నంబరు. ముఖం కింద ఉండాలి కదా. వీణ్ణి చూసినవాళ్ళు ఎవరికి ఫోన్ చేస్తారు?"

నేను దోపిడీ గురించి ఏదో మొదలుపెట్టాను. ఆమె వినడం లేదు. ఆమె కళ్ళు పూల మీదికి వెళ్ళాయి.

లియాండ్రో అక్కడే ఉన్నాడు. తిన్నగా అతని దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది.

"బాబూ, నీకు కబురెవరిచ్చారు?"

"ఏం కబురమ్మా?"

"దాచకు. నేను తట్టుకుంటాను. ఎక్కడ దొరికాడు? చూశావా? నీకు చెప్పినవాళ్ళు చూశారా?"

వాడికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"నాకేం తెలుసమ్మా, నేను గోడమీంచి..."

"మరి బంతిపూలెందుకు పెట్టావు?"

"రంగు కోసం," అన్నాడు. తర్వాత ఇంకా చిన్నగా, "నీలం చొక్కా పక్కన నారింజ బాగుంటుందని."

"రంగు కోసమా," అంది. గోడకి చేరబడి నేల మీద కూర్చుంది. కాసేపటికి నవ్వింది. "రంగు కోసమంట కొమాద్రె. ఇంకేం లేదంట." ఆ నవ్వు సంతోషంతో వచ్చింది. అదే నేను భరించలేకపోయాను.

అక్టోబరు 18

ఆమె ఇంటి గురించి ఒక మాట రాయాలి. ఈ చనిపోయినవాళ్ళ పండగ రోజుల్లో అందరిళ్ళల్లోలాగే ఆమె కూడా వాళ్ళకి బల్ల వేస్తుంది. దాని మీద వాళ్ళమ్మ, నాన్న, మొగుడి ఫొటోలు. పోయినవాళ్ళకే పెట్టే బంతిపూలు, కొవ్వొత్తులు, రొట్టె, మొగుడికి మెస్కల్ సారా గ్లాసు. ఊరియెల్ ఫొటో మాత్రం వంటింట్లో ఫ్రిజ్ మీద ఉంటుంది. ఆ రెండు గదుల మధ్య తలుపు ఈ పండగ అయ్యేవరకూ మూసే ఉంచుతుంది. తలుపు కింద తడిగుడ్డ చుట్టి పెడుతుంది, పూరేక ఒక్కటి కూడా అటు ఎగరకుండా.

అలాంటి మనిషికి వాడు చేసింది ఇది. రంగు కోసం.

అక్టోబరు 21

కాలమ్ అచ్చయింది. 'తోలు ఒలిచేవాడు.' చాలా బాగా వచ్చింది. పత్రికాఫీసు నుంచి ఇద్దరు ఫోన్ చేశారు, ఒకామె ఏడ్చానంది. చివరి పేరా మళ్ళీ చదువుకున్నాను: పేదవాడి దగ్గర పొలం తీసుకున్నారు, నీళ్ళు తీసుకున్నారు, పాట తీసుకుని హోటల్లో అమ్ముకున్నారు, నేతబట్ట మీద పువ్వు తీసుకుని సంతకం చేసుకున్నారు, ఇక మిగిలింది ఏడుపు, దానికి ఫ్రేము కట్టారు.

ఇందులో ఒక్క మాట తప్పని ఎవరైనా నిరూపించండి.

ఒదిలియా ఏమీ అనలేదు. పత్రిక చూడలేదేమో.

అక్టోబరు 22

చూసిందట. పక్కావిడ చదివి వినిపించిందట. "చివర్న నంబరు వేశారా?" అని అడిగింది. కాలమ్‌లో నంబర్లు వెయ్యరు కొమాద్రె అన్నాను. ఊ అంది.

అక్టోబరు 25

వ్యాసం సరిపోదు. వ్యాసం చదివేవాళ్ళు మనవాళ్ళే. గోడ దగ్గర పుట్టిన గొడవ గోడ మీదే తేలాలి. గ్యాలరీకి ఎదురుగోడ మీద, తలుపు తీయగానే కళ్ళలో పడేలా, ఊరియెల్ ముఖం నిలువెత్తున ఉండాలి. కింద ఒకే వాక్యం: మా పిల్లలు మీ రంగులు కారు.

వాక్యం నిద్రలేస్తూనే తట్టింది. ఇలాంటివి అరుదుగా తడతాయి.

ఒదిలియాని అడగాలి. పండగ ముందు కదా, ఆమెకి ఊపిరి తీసుకునే తీరిక లేదు, పొద్దున్నుంచి పిండి పిసుకుతూనే ఉంది. అంటించాక తీసుకెళ్ళి చూపిస్తాను.

అక్టోబరు 27

అచ్చాఫీసులో అమ్మాయి "కింద అరచెయ్యంత ఖాళీ ఉంది, ఏమైనా వెయ్యాలా?" అంది. వాక్యం ఇంకా పెద్ద అక్షరాల్లో వెయ్యమన్నాను.

ముఖం పెద్దది చేస్తే నా వేళ్ళు కూడా పెద్దవయ్యాయి. తీసెయ్యొచ్చు. ఉంచాను. వాడి పక్కన ఒకరున్నారని తెలియాలి.

అక్టోబరు 28

నా పాత విద్యార్థులు నలుగురు వచ్చారు. మైదా ఉడకేసి బకెట్‌లో తెచ్చారు. మధ్యాహ్నం ఎండలో, అందరూ చూస్తుండగా అంటించాం. ఎడమ మూల గోడమీద పాత కాగితాలేవో ఉన్నాయి, రంగు పోయినవి. వాటి మీదుగానే అంటించాం. అవి ఉన్నది కాస్త చోటే.

లియాండ్రో తలుపు దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని చూశాడు.

"అచ్చు బాగా పడింది టీచర్," అన్నాడు.

"నీ మెప్పు ఎవరికి కావాలి?"

"మెప్పు కాదు. ఒక సందేహం. వాళ్ళమ్మ ఒప్పుకుందా?"

"నువ్వు అడుగుతున్నావా ఆ మాట?"

"నేను అడగలేదు కాబట్టే అడుగుతున్నాను."

బకెట్ తీసుకుని వచ్చేశాను. దొంగ వేసే ప్రశ్నలకి జవాబు చెప్పాలని ఏ చట్టంలోనూ లేదు.

అక్టోబరు 30

పోస్టరు ముందు ఎవరో కొవ్వొత్తి వెలిగించారు.

అక్టోబరు 31

ఇవాళ పాతిక దాకా ఉన్నాయి. జనం ఆగుతున్నారు, చదువుతున్నారు, మోకాళ్ళ మీద కూర్చుంటున్నారు. పూలమ్మే ఆవిడ ఒకతె మిగిలిపోయిన బంతిపూల మోపు మొత్తం గోడ కింద పేర్చి పోయింది, పైసా తీసుకోలేదు. గ్యాలరీలోకి వెళ్ళేవాళ్ళు ఆ పూలు దాటుకుని, తల దించుకుని వెళ్ళాలి. వెళ్ళేవాళ్ళు తగ్గారు. పత్రికవాళ్ళు ఫొటో తీశారు. నేను మాట్లాడాను. "ఊరియెల్ ఈ ఊరి బిడ్డ, నవ్వితే వీధి వీధంతా నవ్వేది, అందరితో కలిసిమెలిసి ఉండేవాడు" అన్నాను.

ఇంత గెలుపు నా జీవితంలో ఎన్నడూ చూడలేదు. రేపు ఒదిలియాని తీసుకొస్తాను.

నవంబరు 1

నేను తీసుకురాలేదు. తనే వచ్చింది.

రాయాలి. రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

పదకొండు గంటల ప్రాంతం. గంప చంకన పెట్టుకుని జనంలోంచి వచ్చింది. నేను అప్పుడు మాట్లాడుతున్నాను, ఆమెని చూసి గొంతు ఇంకా పెంచాను. ఆమె నా వైపు చూడలేదు. గంప దించింది. వేళ్ళు నాలికతో తడిచేసుకుని ఒక్కొక్క కొవ్వొత్తే నలిపి ఆర్పడం మొదలుపెట్టింది. జనం భక్తి అనుకున్నారు. ఒక పెద్దాయన టోపీ తీశాడు. ఒకమ్మాయి తన చేతిలో పూలు కూడా ఆమెకి అందించింది. తీసుకుని ఏప్రన్‌లో వేసుకుంది. కింద పూలన్నీ ఏరి ఏప్రన్‌లో వేసుకుంది.

"కొమాద్రె, ఇదంతా మీ కోసమే," అన్నాను.

"బతికున్నవాడి ముందు దీపాలు పెట్టించారా, నా కోసం?"

"నేను పెట్టలేదు. జనం పెట్టారు."

"అవును. ఆ బొమ్మలాయన రంగు కోసం పెట్టాడు. మీరు జనం కోసం పెట్టించారు." పోస్టరు కింది అంచు దాకా వంగింది. ఆమె ఏం వెతుకుతోందో నాకు తెలిసిపోయింది.

"నంబరేదీ?"

చోటు లేదన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నోట్లోంచి.

ఆమె పోస్టరు మీద చెయ్యి పెట్టింది, నా వేళ్ళ మీద, అంత పెద్దవైన నా వేళ్ళ మీద.

"నీ ఉంగరానికి చోటుంది హెర్లిందా."

'నీ' అంది, 'మీ' కాదు. ఇరవై అయిదేళ్ళ తర్వాత.

తర్వాత గోరు దూర్చి మూల పట్టుకుని లాగింది. గోడకి జిగురు సరిగ్గా పట్టలేదు, కాగితానికి మాత్రం పట్టింది. నా పోస్టరు పెద్ద చప్పుడుతో ఊడొచ్చింది, ఎడమ మూల అడుగున ఉన్న కాగితం పైపొరని కూడా అంటించుకుని. వెనక్కి తిప్పితే ఒక ఆడపిల్ల ముఖం, ఒక కన్ను, సగం నోరు. మిగతా సగం గోడకే ఉండిపోయింది.

"నయేలీ," అంది ఒదిలియా. "వీళ్ళమ్మా నేనూ కలిసి అంటించాం ఈ కాగితం. ఎంత పాతదైనా సరే, వెతికేవాళ్ళం ఒకరి పిల్లల మీద ఒకరం అంటించం. పక్కన అంటిస్తాం. పక్కన చోటు లేకపోతే ఇంకో గోడ వెతుక్కుంటాం. నీకీ సంగతి తెలుసు. నాతో బకెట్ పట్టుకుని తిరిగావు మొదట్లో."

ఆ కాగితం ముక్క రోడ్డు అవతల పడుంటే లియాండ్రో తీసుకెళ్ళి తన ప్రదర్శనలో గోడకి తగిలించేవాడు. చెక్క కూడా అక్కర్లేదు. తోలు మీద తోలు.

"పూలు ఏం చేస్తారు?" అని అడిగాను.

"మా అమ్మకి పెడతాను. ఆవిడ చచ్చిపోయింది. పూలు పారెయ్యకూడదు."

నవంబరు 2

ఊరంతా శ్మశానాల్లో ఉంది. నేను ఇంట్లో ఉన్నాను.

వ్యాసం తప్పు కాదు. వాక్యం తప్పు కాదు.

తవ్వి బయటికి తీశానన్న లియాండ్రో మాటకి సమాధానం దొరికింది: బయటికి తీసి నంబరు లేకుండా నిలబెడితే అది మళ్ళీ పాతిపెట్టడమే. ఇది నాకూ వర్తిస్తుంది. అందుకే పత్రికకి పంపడం లేదు.

'ఉండేవాడు' అన్నాను. 'నవ్వేది' అన్నాను. పోయినవాడి గురించి అన్నట్టు. పత్రికలో అలాగే వేశారు.

నవంబరు 3

ఒదిలియా ఇంటికి వెళ్ళాను. తాళం. పక్కావిడ, "ఆ బొమ్మలాయన పనిశాలకి వెళ్ళింది, గంప కూడా తీసుకెళ్ళలేదు" అంది. వాణ్ణి తిట్టడానికి వెళ్ళుంటుందనుకున్నాను. నన్ను పిలవకుండా వెళ్ళిందే అని బాధపడ్డాను కూడా. బాధలోనూ నా లెక్క నాదే.

వెళ్ళి చూస్తే ఇద్దరూ చెరో స్టూలు మీద కూర్చుని వేడి చాక్లెట్ తాగుతున్నారు. లియాండ్రో ముందు పెద్ద చెక్కపలక, దాని మీద అంకెలు చెక్కుతున్నాడు, అచ్చులో తిన్నగా పడాలి కాబట్టి తిరగేసి. పక్కన బల్ల మీద చెప్పులపెట్టె, అందులో వాడు బొమ్మలకి పనికిరావని కోసేసిన ముక్కలు. అన్నిటి పైనా ఒక నలిగిన సన్నటి పట్టీ: ఆమె ఫోన్ నంబరు.

"పారెయ్యలేదట," అంది ఒదిలియా. మళ్ళీ 'మీరు'లోకి వచ్చింది కానీ వెచ్చదనం రాలేదు. "కూర్చోండి."

"వీడితో కలిసి తాగుతున్నారా మీరు?"

"ఇతని దగ్గర ప్రెస్సుంది. మీ దగ్గర నోరుంది. నాకు రెండూ కావాలి. మీ ఇద్దరి యుద్ధం నా కొడుకు ఇంటికొచ్చాక చేసుకోండి, నేనే కుర్చీలు వేస్తాను."

లియాండ్రో తలెత్తకుండా, "ఆ బొమ్మ దించేస్తానన్నాను టీచర్. అమ్మ ఒద్దంటోంది" అన్నాడు.

"దించితే ఎవరు చూస్తారు? ఉండనీ. పూల మీద నంబరు అచ్చెయ్యి. నల్లగా. పూలు కనపడకుండా."

"బంగారు రేకు మీద నలుపు కొడితే బొమ్మ చెడిపోతుందమ్మా."

"చెడిపోనీ."

వాడు మళ్ళీ ఉలి తీసుకుని చెక్కాడు. మంచి పిల్లాడే అని నేను రాయను. ప్రింట్లలో ఆరు అప్పుడే అమ్ముడుపోయాయట, రాజధానికి కొన్ని, దేశం దాటి కొన్ని. వాటిల్లో ఊరియెల్ నంబరు లేకుండానే పూల మధ్య ఉన్నాడు, ఎవరి సోఫా పైనో. కొన్నవాళ్ళ చిరునామాలు గ్యాలరీ ఇవ్వనంటోంది, మేం పంపిందేదైనా తనే చేరవేస్తుందట. వాళ్ళ పరువు ముఖ్యమట.

సాయంత్రానికి పెద్ద బొమ్మ మీద అచ్చు కొట్టారు. బంతిపూల మీద అడ్డంగా నల్లటి అంకెలు, ఇటుకలంత. చూడ్డానికి ముందుకన్నా బాగుంది. ఈ మాట పత్రికలో చచ్చినా రాయను.

నయేలీ కాగితం కూడా ఒదిలియా అక్కడే కొత్తగా అచ్చేయించింది. దాన్ని వాళ్ళమ్మే వచ్చి అంటించింది. నా వైపు చూడలేదు.

నవంబరు 5

మధ్యాహ్నం ఒదిలియా ఇంట్లో ఉన్నాను. అరిటాకులు తుడిచిపెట్టే పని ఇచ్చింది. తలుపు తెరిచేసింది, బల్ల తీసేసింది, తడిగుడ్డ ఉతికి తీగ మీద వేసుంది.

ఫోన్ మోగింది. ఆమె చేతులు మోచేతుల దాకా పిండి. పరిగెత్తింది. పిండి చేత్తోనే తీసింది, స్పీకర్ నొక్కింది. స్పీకర్ ఎప్పుడూ నొక్కుతుంది, ఇంకొకరు కూడా వినాలని, తను ఏదైనా మర్చిపోతుందని.

చిన్నపిల్ల గొంతు. చదువుకున్న పిల్ల. వెనక నవ్వులు.

"హలో, అంటే... ఇది నిజం నంబరేనా? ప్రదర్శనలో ఉంది కదా. బొమ్మలో భాగమేమో, ఎవరూ ఎత్తరేమో అనుకున్నాం."

"నిజమే తల్లీ," అంది ఒదిలియా. "మీరు ఎవరినైనా చూశారా?"

"లేదండీ. ఊరికే చూద్దామని."

"సరే తల్లీ. ఉంటాను."

ఫోన్ తుడిచింది. అంకెల సందుల్లో పిండి ఇరుక్కుంటే పిన్నీసుతో తీసింది. ఇవాళ ఇది నాలుగోదట. మళ్ళీ పిండి ముందు కూర్చుని, "మొదటి మోత నుంచి ఎత్తేదాకా వాడే కొమాద్రె," అంది. "ప్రతిసారీ."

పిండి ముద్ద పక్కన పెట్టి, "కాగితం తీయండి. చెప్తాను, రాయండి. మీ మాటలు కలపొద్దు" అంది.

నవంబరు 6

ఈ వారం నా కాలమ్ చోటులో ఇది వెయ్యమని పంపాను. నంబర్లు వెయ్యం అన్నారు. అయితే ఇక నా కాలమ్ కూడా ఉండదన్నాను. వేస్తామన్నారు. ఒదిలియా చెప్పినట్టే రాశాను. రెండు చోట్ల కామా పెట్టబోయి మానేశాను. పైన నంబరు ఉంటుంది. కింద ఇవి.

1. నా కొడుకు ముఖం ఎవరు వాడినా కింద నంబరు వెయ్యాలి. రోడ్డు అవతల నుంచి చదవగలగాలి.

2. పేరు వెయ్యాలి. ఊరియెల్.

3. బంతిపూలు పెట్టొద్దు. కొవ్వొత్తులు పెట్టొద్దు.

4. నవ్వేవాడు, ఉండేవాడు అనొద్దు. నవ్వుతాడు, ఉన్నాడు అనాలి.

5. బొమ్మ కొనుక్కెళ్ళినవాళ్ళకి నంబరు పట్టీ పంపిస్తాం. అంటించుకోవాలి. అంటించడం ఇష్టం లేకపోతే ముఖం కత్తిరించి నాకు పంపాలి. మిగతాది మీరే ఉంచుకోండి.

6. గోడ మీద ఏదైనా అంటించే ముందు అడుగున ఎవరున్నారో చూడాలి. ఉంటే పక్కన అంటించాలి.

7. గోడ మీంచి ఒలిచేవాళ్ళు కూడా చూడాలి.

8. హెర్లిందా టీచర్ గురువారం వచ్చి జిగురు బకెట్ మొయ్యాలి. ఉపన్యాసం వద్దు.

9. నంబరు పనిచేస్తోంది. పనిచేస్తోందా లేదా అని చూడ్డానికి ఎవరూ ఫోన్ చెయ్యొద్దు.

10. వాణ్ణి చూస్తే చెయ్యండి. ఏ టైమైనా సరే.